చేదు బీరు – ఒక ఊరి పట్టుదల

మనవాళ్లు కాకరకాయనైనా బెల్లం పెట్టి గాని తినరు. ఇంగ్లండువాళ్ల సంగతి వేరు. తమ బీరుకు 'బిట్టర్' అని, అంటే సాక్షాత్తూ 'చేదు' అనే పేరు పెట్టుకుని, తరతరాలుగా మురిసిపోతూ తాగుతున్నారు. తాగుడును సమర్థించటానికి నేను కలం పట్టలేదు సుమా! ఒక రుచి మీద ఒక ఊరికి హక్కు ఉంటుందా, ఉండదా అన్నదే ఇక్కడి ప్రశ్న. ఉంటుందనే నా వాదం.

పై చదువుకు ససెక్స్ యూనివర్సిటీలో ఉన్న రోజుల్లో, పక్క స్టేషనే గదా అని తరచు లూయిస్ వెళ్లేవాణ్ణి. ఊళ్లో ఊజ్ నది, నది ఒడ్డున 1790 నాటి హార్వీస్ వారి బీరు కార్ఖానా. అక్కడి పబ్బులో మొదటి గుక్కకు నాకు తోచింది ఒక్కటే: ఇది చల్లగా లేదేమిటి? మన దగ్గర సీసా పళ్లు జివ్వుమనిపిస్తే గాని బీరు కింద లెక్క కాదు. ఇది 11–13 డిగ్రీలు, నేలమాళిగ చల్లదనం మాత్రమే. రాగి రంగు. నురగ అంతంత మాత్రం. ముందు బిస్కెట్టు లాంటి మాల్టు తీపి, ఆ వెనక హాప్ పువ్వుల చేదు. మింగిన తర్వాత కూడా మెంతుల్లాగా నాలుక వెనక కాసేపు నిలుస్తుంది. సగం గ్లాసయ్యేసరికి ఆ చేదే ఇంకో గుక్క అడుగుతుంది. నాలుక మొద్దుబారదు గనుక ఇవన్నీ తెలుస్తాయి. ఐసులాంటి బీరులో రుచి ఉన్నా లేకపోయినా ఒకటే. కంపెనీలకు అదే సౌకర్యం కాబోలు!

అసలు కిటుకు పీపాలో ఉంది. ఈ బీరును వడగట్టి, ఈస్టును చంపి, గ్యాసు నింపి పంపరు. ఈస్టు బతికుండగానే పీపాకెక్కిస్తారు. పబ్బు నేలమాళిగలో కూడా అది పులుస్తూనే ఉంటుంది. చేతిపంపుతో పైకి లాగి పోస్తారు. తెరిచిన పీపా మూడు రోజుల్లో అయిపోతేనే బాగు. (తేటపరచటానికి సంప్రదాయంగా వాడేది చేప తిత్తి నుంచి తీసిన పదార్థం, శాకాహార మిత్రులు గమనింతురు గాక!) తాటికల్లు ఎరిగినవాడికి ఇదంతా వేరే చెప్పాలా? పొద్దున దించిన కల్లు సాయంత్రానికి పులిసి మరో అవతారమెత్తుతుంది. దూరం పోలేని ఇలాంటి సరుకంటే పెద్ద వ్యాపారులకు గిట్టదు. 1960లలో గ్యాసుబీరు దేశమంతా కమ్ముకొస్తుంటే, 1971లో నలుగురు కుర్రాళ్లు మొదలెట్టిన 'కామ్రా' అనే తాగేవాళ్ల సంఘం ఈ పీపా బీరును నిలబెట్టింది.

లూయిస్‌లోనే 'లూయిస్ ఆర్మ్స్' అనే పాత పబ్బుంది. అప్పట్లో అది గ్రీన్ కింగ్ అనే పెద్ద కంపెనీ చేతిలో ఉండేది. 2006 డిసెంబరులో ఆ కంపెనీ, కూతవేటు దూరంలో తయారయ్యే హార్వీస్ బిట్టర్‌ను అక్కడ ఆపేసింది, తన సొంత సరుకే అమ్ముతానంది. అమ్ముడుపోని సరుకా అంటే, అక్కడ ఎక్కువ అమ్ముడయ్యేదే అది! ఊరివాళ్లు ఏం చేశారు? గడప తొక్కటం మానేశారు. చలిలో తలుపు బయట నిలబడి, వచ్చేవాళ్లకు నచ్చజెప్పారు. ఒకరోజా, రెండు రోజులా, నాలుగు నెలలకు పైగా! 2007 ఏప్రిల్‌లో కంపెనీ దిగివచ్చి హార్వీస్‌ను తిరిగి పెట్టింది.

ఒక గ్లాసు బీరుకు ఇంత రభసా అని మిత్రుడొకడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా వద్దని లేచారు. వీళ్లు బీరు కావాలని లేచారు. పోలిక విడ్డూరమే. బరువులో రెండూ ఒకటి కావు కూడాను – మన దగ్గర సంసారాలు కూలుతున్నాయి, అక్కడ పోయేది ఒక రుచి. అయినా, మా ఊళ్లో ఏం అమ్మాలో ఎక్కడో కూర్చున్నవాడు ఎందుకు తేల్చాలి అన్న నిలదీత మాత్రం రెండు చోట్లా వినపడుతుంది.

ఇంగ్లండు వెళ్లే మన కుర్రాళ్లు చాలామంది చల్లని లాగర్‌తో సరిపెట్టుకుంటారు. అది హైదరాబాదులోనూ దొరికేదే. తాగే అలవాటున్నవాళ్లు ఒక్కసారి చేతిపంపు ఉన్న పబ్బు చూసుకుని ఆ ఊరి బిట్టర్ అడగండి. పైంటంటే 568 మిల్లీలీటర్లు. భయమేస్తే అరపైంటు ఇమ్మనండి, ఎవరూ నవ్వరు. ఐసు మాత్రం అడగొద్దు.