నారబట్టకు పాలిమరు పూత

క్రొత్త చేటను దెచ్చినంతనే వాడక, నానిన కాగితములను మెంతులతో రుబ్బి, దాని కిరువైపుల మెత్తి యెండబెట్టుట మన యిండ్లలో నున్న యాచారమే. అల్లిక బలము నిచ్చును. పూత సందులను మూయును. నేడు "కాంపోజిట్" అని పిలువబడు మిశ్రమ పదార్థములకును మూలసూత్ర మిదియే. వానిని గూర్చి యీ మాసమున మేము ముచ్చటింప దలచితిమి.

జనపనార, గోగునార, అవిసెనార మున్నగువానికి పాలిమరు పట్టించి, వేడిమితో నొత్తి, కారు తలుపుల లోపలి పలకలు మొదలగునవి చేయుచున్నారు. గాజునారకంటె నివి తేలిక. అయినను నారలోని సెల్యులోజు చెమ్మను పీల్చును. పాలిమరులలో పెక్కు నీటిని దరిజేరనీయవు. అందుచే నార యుబ్బి, మరల కుదించుకొని, పూతనుండి విడివడును. జిడ్డు పాత్రకు కళాయి యంటునా? కావున ముందుగా నారను కాస్టిక్ సోడా నీట నుంచి, మైనమును దొలగించి, కడిగి, యారబెట్టిన పిదపనే పూత వేయుదురు.

ఇక నసలు చిక్కు. 1957 మొదలు 1991 వరకు జర్మనీలోని త్స్వికావు నగరమున తయారైన ట్రాబంట్ కార్ల పైతొడుగు ప్రత్తి వ్యర్థమును ఫినాల్ రెసినుతో గలిపి చేసినది. అది తుప్పుపట్టదు, కాని కరిగించి మరల పోతపోయను రాదు, మట్టిలో గలియను గలియదు. పాత చేట పెంటకుప్పలో నెరువగును. ఈ తొడుగు కాజాలదు. మొక్కజొన్న పిండినుండి పుట్టు పాలీలాక్టిక్ ఆమ్లపు పూతయు సుమారు 60 డిగ్రీల వేడిమి గల యెరువుశాలలోనే చక్కగా శిథిలమగును గాని, పెరటి గుంటలో నంత సులభముగ గాదు. చెట్టునుండి పుట్టినదెల్ల మట్టిలో గలియునని తలపరాదు.

ఈ విషయము మన వాకిటికే వచ్చియున్నది. పెండ్లిండ్లలో పంచు జనపనార సంచులలో గొన్నింటికి లోపల పాలిథీన్ పొర నంటింతురు. లోపలివైపు నున్నగా మెఱయుచుండిన నది యున్నట్లే. పాతిపెట్టిన నార క్రుళ్లును, పొర మిగులును. అట్టి సంచి యింటనుండిన, చిరుగువరకు వాడుకొనుడు. క్రొత్తగా గొనునపుడు మాత్రము నారను జూచి మురియక, పూత యేమని యంగడివాని నడుగుడు. పంచుటకు పూతలేని బట్టసంచియే మేలని మా మనవి.