కోరిన పాఠం - చేరే దారి

దారి వేయడం ఒక ఎత్తు, ఆ దారిని పొదుపుగా వాడుకోవడం మరొక ఎత్తు. గ్రామాలకు ఫైబర్ తీగ చేరుతున్న ఈ కాలంలో ఉపాధ్యాయులూ విద్యార్థులూ ఆలోచించవలసినది ఈ రెండవ విషయాన్ని గురించే.

దృశ్యపాఠం మన ప్రాంతానికి కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టెలివిజన్ కార్యక్రమాలు అందినవి. అందుకు ఎంపికైన జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. 2020 సెప్టెంబరు 1న, బడులు మూతపడి ఉన్న రోజులలో, తెలంగాణ ప్రభుత్వం టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు ప్రసారం చేయించినది. ఇట్టి ప్రసారం వానవంటిది. పది ఊళ్లు చూచినా, పదివేల ఊళ్లు చూచినా పంపేవారికి శ్రమ ఒక్కటే. కాని వానను కురిసినప్పుడే పట్టుకోవాలి. ఆ గంటలో తల్లికి తోడుగా పత్తి ఏరడానికి వెళ్లిన పిల్లకు ఆనాటి ప్రసారం దక్కదు.

కోరినప్పుడు కోరిన పాఠం చూడగలగడం ఈ లోపానికి విరుగుడు. అయితే దాని ఖర్చు వేరు. చూచే ప్రతి ఒక్కరికీ విడివిడిగా ఒక ధార పంపవలసి ఉంటుంది. 2011లో కేంద్రం ఆమోదించిన పథకం, ఇప్పుడు భారత్‌నెట్ అని పిలుస్తున్నది, పంచాయతీకి కనీసం సెకనుకు 100 మెగాబిట్ల వేగాన్ని లక్ష్యంగా పెట్టుకున్నది. స్పష్టమైన బొమ్మకు 4 మెగాబిట్లు కావాలనుకుంటే, ఏకకాలంలో చూడగలవారు 25 మంది. మరికొందరు చేరితే బొమ్మ మసకబారుతుంది, లేదా ఆగి ఆగి నడుస్తుంది. విచిత్రమేమంటే, పరీక్షల ముందు ఆ పాతికమందీ చూచేది తరచు ఒకే పాఠం. ఒకే పాఠం హైదరాబాదు నుంచి పాతిక పర్యాయాలు ప్రయాణం చేస్తున్నదన్నమాట!

మోత్కూరువంటి మెట్టప్రాంతపు పెద్దలకు ఈ చిక్కు కొత్తగా తోచదు. జీవనదిని ప్రతి పొలానికీ మళ్లించడం వారికి సాధ్యం కాలేదు. అందువల్ల వచ్చిన నీటిని ఊరిదగ్గరే చెరువులో నిలిపారు. అవసరమైననాడు తూము ఎత్తి వాడుకున్నారు. నేడు దృశ్యాలను పంపే మహాసంస్థలు చేస్తున్నదీ ఇదే. నెట్‌ఫ్లిక్స్ 2012 నుంచి ఇంటర్నెట్ సంస్థల కేంద్రాలలోనే తన నిల్వపెట్టెలను ఉంచి, రద్దీ తక్కువైన వేళ వాటిని నింపుతున్నది.

లెక్క చూడండి. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున తయారైన 40 నిమిషాల పాఠం 300 మెగాబైట్లు. ఒక టెరాబైట్ డిస్కులో ఇట్టివి మూడువేలకు పైగా ఇముడుతాయి. దారి ఖాళీగా ఉన్న రాత్రి ఒక పాఠం దిగడానికి అర నిమిషం చాలు. తెల్లవారిన తరువాత ఎందరు చూచినా బయటి తీగమీద భారం పడదు.

చెరువుకు పూడిక ఉన్నట్లే ఈ నిల్వకూ బెడదలున్నవి. పాఠ్యపుస్తకం మారితే పాతపాఠం తీసివేయాలి. కరెంటు పోయినా యంత్రం దెబ్బతినకుండా చూడాలి. ఏ పాఠాలు నింపాలో బోధించేవారే నిర్ణయించాలి. గురువుతో ముఖాముఖి జరిగే ప్రత్యక్షబోధనకు ఈ ఉపాయం అక్కరకు రాదు. దానికి బయటి దారి కావలసిందే. నిల్వ ఉన్న పాఠాలు ఆ దారిని ఖాళీ చేసిపెడతాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 2017లో ప్రారంభమైన ఫైబర్‌నెట్ విద్యుత్ స్తంభాల మీదుగా సాగినది. తెలంగాణలో టీ-ఫైబర్ మిషన్ భగీరథ గొట్టాల కందకాలను వాడుకున్నది. రెండూ కాలువల పనులు. ఎన్ని కిలోమీటర్ల తీగ వేశారన్న లెక్కతోపాటు, ఎన్ని మండలాలలో పాఠాల నిల్వ ఏర్పడినది, దాని బాగోగులు ఎవరి చేతిలో ఉన్నవి అన్న లెక్క కూడా మనం అడగాలి. ఆ లెక్క అడగనంతకాలం, మోత్కూరు పరిసర గ్రామాల బడులకు తీగ చేరినా, పరీక్షల వేళ పిల్లలకు ఆగిపోయిన బొమ్మే మిగులుతుంది.