పొదుపు జనం మీద, లెక్క ఎవరి మీద?

ఎండాకాలం వచ్చిందంటే చాలు, మున్సిపాలిటీల నుంచి ఒకే రకం ప్రకటనలు వెలువడతాయి. నీళ్లు వృథా చేయొద్దు, నల్లాలకు మోటార్లు బిగించొద్దు, తాగునీటితో బండ్లు కడగొద్దు, ఇంటింటా ఇంకుడు గుంత తవ్వుకోండి, కాదంటే జరిమానా. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ జలమండలి నల్లాలకు మోటార్లు పెట్టినవారికి 5 వేల రూపాయల జరిమానా, మోటారు జప్తు అంటూ ప్రత్యేక డ్రైవ్ నడిపింది. అంతకు ముందు ఏడాది మార్చిలో బెంగళూరు జలమండలి కూడా తాగునీటితో కార్లు కడిగినా, తోటలు తడిపినా అంతే మొత్తం వసూలు చేస్తామంది. ఈ ఆంక్షలను తప్పుపట్టాల్సిన పని లేదు. అయితే పోయిన నెలలో ఇన్ని లీటర్లు తీసుకున్నాం, ఇన్ని ఇళ్లకు చేర్చాం, ఇన్ని దారిలో పోగొట్టాం అని నీళ్లు పంపేవారు చెప్పే మాట ఆ ప్రకటనల్లో కనిపించదు. నల్లగొండ ప్రాంతంలోని చిన్న పట్టణం మోత్కూరునే చూడండి, అది 2018లో మున్సిపాలిటీ అయింది. తెలంగాణ తాగునీటి పథకం మిషన్ భగీరథ ప్రమాణాల ప్రకారం పల్లెలో మనిషికి రోజుకు 100 లీటర్లు, మున్సిపాలిటీలో 135, కార్పొరేషన్‌లో 150. అంటే పంచాయతీ బోర్డు తీసి మున్సిపాలిటీ బోర్డు పెట్టిన రోజునే ఆ ఊరి మనిషి వాటా కాగితం మీద 35 లీటర్లు పెరిగింది. నల్లాలోకి ఎంత పెరిగిందో నెలనెలా ఊరి ముందు పెట్టాలని మాత్రం ఏ చట్టమూ గట్టిగా అడగలేదు.

మన చట్టం చూపు మొదటి నుంచీ నీళ్లు తోడుకునేవాడి మీదే ఉంది. తాగునీటి అవసరాల కోసం భూగర్భ జలాలను నియంత్రించడానికి 1996లో ఒక చట్టం వచ్చింది. దాని స్థానంలో 2002లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టమే జనం నోట్లో 'వాల్టా'. బావి ఉన్నవాడు నమోదు చేయించుకోవాలి, కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలి, రిగ్గు యజమాని రిజిస్టర్ కావాలి, ఊరి తాగునీటి బావికి 250 మీటర్లలోపు ఇంకో బోరు వేయకూడదు, వాననీటిని ఇంకించాలి. ఇసుక తవ్వకాల మీదా అందులో నిబంధనలున్నాయి. మోత్కూరు ప్రాంతంలోని బిక్కేరు వాగు పక్క ఊళ్లవారికి ఆ సంగతి మళ్లీ చెప్పనక్కర్లేదు. పొద్దుగూకాక రిగ్గు వచ్చి తెల్లారేసరికి బోరు వేసి వెళ్లిపోయే చోట ఈ చట్టం అమలు ఎంతో అందరికీ తెలిసిందే. కానీ అమలు లోపం కంటే చూపు లోపం పెద్దది. ఇందులో ప్రశ్నలన్నీ వాడుకునేవాడికే. ఊరికంతటికీ నీళ్లు పంపే సంస్థ ఎంత పంపిందో, ఎంత పోగొట్టిందో గడువులోపు చెప్పాలని, చెప్పకపోతే ఫలానా శిక్ష అని అందులో లేదు.

లెక్క చెప్పించే ప్రయత్నమే జరగలేదని అనలేం. 2008లో కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ పట్టణ నీటి సరఫరాకు తొమ్మిది కొలమానాలు పెట్టింది. మనిషికి 135 లీటర్లు, ఇంటింటికీ కనెక్షన్, 24 గంటల సరఫరా, లెక్కకు రాని నీరు 20 శాతానికి మించకపోవడం, నాణ్యత నూటికి నూరు, ఇలా. ఏటా ఈ ప్రమాణాలను గెజిట్‌లో ప్రకటించడం 13వ ఆర్థిక సంఘం గ్రాంటుకు ఒక షరతు కూడా అయింది. 2021 అక్టోబరులో మొదలైన అమృత్ 2.0 మళ్లీ అదే 20 శాతం లక్ష్యాన్ని పెట్టుకుంది. పదమూడేళ్ల తర్వాత పాత లక్ష్యమే కొత్త పథకంలో దర్శనమిచ్చిందంటే ఆ లెక్కలు ఎవరి కోసం రాశారో ఊహించుకోవచ్చు. గ్రాంటు ఇచ్చేవాడి కోసం రాసిన లెక్క ఢిల్లీ చేరుతుంది, వార్డు చేరదు. ఏడాదికోసారి ఇచ్చే సగటు అంకెలో మే నెల కనపడదు. నీళ్లకు కటకట పడేది మే నెలలోనే.

నల్లగొండ ప్రాంతంలో ఈ లెక్కకు మరోచోట లేని బరువుంది. నీటిలోంచి ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తీసే పద్ధతికి నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ పెట్టిన పేరే నల్గొండ టెక్నిక్. ప్రపంచం ఈ జిల్లా పేరు తెలుసుకున్నది అలా. ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు ఉన్న నీళ్లు తాగొచ్చని భారత ప్రమాణం. ఇక్కడి బోర్లు ఆ గీతను ఎన్నోచోట్ల దాటాయి. మిషన్ భగీరథ పైలాన్‌ను 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో నిలబెట్టడానికి కారణమూ ఆ గోసే. ఫ్లోరైడ్ బాధిత ఆవాసం తెలంగాణలో ఒక్కటీ మిగల్లేదని 2020లో కేంద్రం లెక్కల్లో తేలింది. అది నిజంగా పెద్ద విజయం, దాన్ని తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. అయితే ఆ లెక్కకు అర్థం పైపులో నది నీరు వస్తోందనే. నేలలోని ఫ్లోరైడ్ ఎక్కడికీ పోలేదు. పైపు నాలుగు రోజులు ఆగితే జనం మళ్లీ బోరు దగ్గరికే పోతారు, లేదా 20 లీటర్ల క్యాన్ కొంటారు. ఆ క్యాన్ నింపే వాటర్ ప్లాంటు కూడా అదే నేలలోంచి తోడి, కొంత శుద్ధి చేసి, మిగిలింది కాల్వలోకి వదులుతుంది. కాబట్టి ఇక్కడ సరఫరా ఆగిన రోజుల సంఖ్య ఇంజినీర్ల డైరీలో ఉండిపోవాల్సిన అంకె కాదు. అది ఎముకలకు సంబంధించిన అంకె.

నెలనెలా లెక్క లేకపోతే ఏమవుతుందో భగీరథే చూపించింది. రాష్ట్రంలోని సుమారు 54 లక్షల గ్రామీణ ఇళ్లకూ నల్లా చేరిందని, నూరు శాతం పూర్తయిందని ప్రకటించారు. ప్రభుత్వం మారాక 2024లో ఏ ఇంటికి నీళ్లు వస్తున్నాయో, ఏ ఇంటికి రావడం లేదో తేల్చడానికి మళ్లీ ఇంటింటి సర్వే చేయాల్సి వచ్చింది. వేల కోట్లు పెట్టి పైపులేసిన పథకంలో నీళ్లు ఎటు పోతున్నాయో తెలుసుకోవడానికి గడప గడపకూ మనిషిని పంపారంటే, ఏ ప్రభుత్వాన్ని నిందించాలన్నది చిన్న విషయం. నల్లా బిగించడాన్ని లెక్కపెట్టిన వ్యవస్థ నీళ్లు రావడాన్ని లెక్కపెట్టలేదు.

నీళ్ల లెక్క నెలనెలా చెప్పించే పని చేసి చూపించిన చోటు ఒకటుంది. కరవు ముదిరిన 2014 జులైలో కాలిఫోర్నియా జలవనరుల నియంత్రణ బోర్డు ఒక అత్యవసర నిబంధన తెచ్చింది. 3 వేల కనెక్షన్లు దాటిన ప్రతి పట్టణ సరఫరాదారూ ఎంత నీరు ఉత్పత్తి చేశాడో, ఇళ్లలో మనిషికి ఎంత వాడారో నెలనెలా నివేదించాలి. ఆ నివేదికలు అందరికీ కనపడాలి. 2015 ఏప్రిల్ 1న గవర్నర్ జెర్రీ బ్రౌన్ రాష్ట్రవ్యాప్తంగా 25 శాతం తగ్గించాలని ఆదేశించినప్పుడు ఆ లెక్కలే ఆధారమయ్యాయి. భారం అందరి మీదా ఒకేలా పడలేదు. మనిషికి తక్కువ వాడే ఊరికి 8 శాతం, విచ్చలవిడిగా వాడే ఊరికి 36 శాతం వరకు లక్ష్యాలు పెట్టారు. లక్ష్యం తప్పితే జవాబు చెప్పాల్సింది సరఫరా సంస్థే. ఏడాది తిరిగేసరికి దాదాపు 24 శాతం ఆదా అయింది. 2016 మేలో బోర్డు పట్టు సడలించి, మరో మూడు కరవు సంవత్సరాలకు సరిపడా నీళ్లున్నాయో లేదో మీరే ధ్రువీకరించుకోండి అంది. తన పేపరు తానే దిద్దుకునే విద్యార్థికి మార్కులు తక్కువ పడవు కదా; అత్యధిక సంస్థలు తమకు తగ్గింపే అక్కర్లేదని రాసిచ్చాయి. వాళ్ల గొప్పతోపాటు వాళ్ల సడలింపు కూడా మనకు పాఠమే.

ఒక అభ్యంతరం ఇక్కడే వస్తుంది. అమెరికాలో ఎక్కువ వాడేవాళ్లను తగ్గించమన్నారు, మన చిన్న పట్టణంలో 135 లీటర్లే అందనప్పుడు పొదుపు ఏమిటి, దానికి లెక్క ఏమిటి అని. నిజమే, బిందెలు వరుసగా పెట్టుకునే వీధికి పొదుపు పాఠం చెప్పడం ఎకసెక్కమే. లెక్క కావాల్సింది కూడా అందుకే. 10 వేల జనాభా ఉన్న ఊరికి రోజుకు 135 లీటర్ల చొప్పున 13.5 లక్షల లీటర్లు కావాలి. అందులో 40 శాతం దారిలోనే పోతే 5.4 లక్షల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు 108. అన్ని ట్యాంకర్లు ఏ ఇంటి పెరట్లోనూ వృథా కావు. అవి పగిలిన జాయింటులో, ఆఫ్ చేయక పొంగిన ఓవర్‌హెడ్ ట్యాంకులో, అక్రమ కనెక్షన్‌లో పోతాయి. ఆ నష్టాన్ని సగానికి తగ్గిస్తే వచ్చే నీళ్లను ఊళ్లోని ఇంకుడు గుంతలన్నీ కలిపినా ఎండాకాలంలో ఇవ్వలేవు. నల్లాకు మోటారు ఎందుకు బిగిస్తారో చూసినా ఇదే తేలుతుంది. నీళ్లు ఎప్పుడు వస్తాయో, ఎంతసేపు ఉంటాయో తెలియదు. వచ్చినా చివరి ఇంటికి ప్రెషర్ అందదు. ముందు ఇంటివాడు మోటారు పెడితే వెనక ఇంటివాడికి మరో దారి ఉండదు. ఫలానా వీధికి ఫలానా టైముకు వదులుతామని చెప్పి, వదిలిన సంగతి రాసిపెడితే సగం మోటార్లు జప్తు చేయనక్కర్లేకుండానే అటకెక్కుతాయి.

చిన్న మున్సిపాలిటీకి ఇంజినీర్లు ఎక్కడున్నారు, ఈ లెక్కలు ఎవరు రాస్తారు అన్నది రెండో అభ్యంతరం. రాయాల్సింది పెద్ద గ్రంథమేమీ కాదు, ఒక పేజీ. భగీరథ లైను ట్యాంకులోకి దిగే చోట ఒక బల్క్ మీటరు, ట్యాంకు నుంచి వార్డులకు పోయే చోట ఒక్కో మీటరు. నీళ్లు వదిలే మనిషికి ఏ వాల్వు ఎన్ని చుట్లు, ఏ వీధికి ఎంతసేపు అన్నది ఇప్పటికే నోటికి వచ్చు. అది నోట్‌బుక్కులోకి రావాలి, అంతే. నీటిలో క్లోరిన్ ఉందో లేదో చూడటానికి ప్రయోగశాల కూడా అక్కర్లేదు. గాజు గొట్టంలో చివరి ఇంటి నల్లా నీళ్లు పట్టి, నాలుగు చుక్కల మందు వేసి, పసుపు రంగు తేలితే పక్కనున్న రంగుల పట్టీతో పోల్చుకోవాలి. లీటరుకు 0.2 మిల్లీగ్రాముకు తగ్గితే ఆ నీళ్ల మీద నమ్మకం పెట్టుకోకూడదు. రాష్ట్ర భూగర్భ జలశాఖ జిల్లాల వారీగా ఫీజోమీటర్ల రీడింగులు తీసి నెలనెలా నీటిమట్టాలు ప్రకటిస్తూనే ఉంది. నేల కింద నీళ్లను ప్రతి నెలా కొలవగలిగిన ప్రభుత్వానికి ట్యాంకులోని నీళ్లు కొలవడం కష్టమంటే నమ్మేదెలా?

తప్పుడు లెక్కలు రాస్తారన్నదే వీటన్నిటికంటే బలమైన అభ్యంతరం. రాస్తారు, అనుమానమే లేదు. నూరు శాతం అని రాయడం మన కార్యాలయాలకు అలవాటైన విద్య. అందుకే ఒక్క అంకెను ఇద్దరి చేత చెప్పించాలి. భగీరథ విభాగం తాను ఇచ్చానన్నది, మున్సిపాలిటీ తాను తీసుకున్నానన్నది పక్కపక్కన అచ్చు కావాలి. మున్సిపల్ బోర్ల కరెంటు బిల్లు ఎన్ని గంటలు మోటార్లు నడిచాయో చెబుతుంది, దాన్నీ జోడించాలి. ఈ మూడూ కలవని చోటే తనిఖీకి వెళ్లాలి. సమాచార హక్కు చట్టం 2005లోని నాలుగో సెక్షన్ ఎవరూ అడగకుండానే సమాచారం బయట పెట్టమంది కాబట్టి దీనికి కొత్త హక్కేదీ సృష్టించనక్కర్లేదు. లేనిదల్లా గడువు, నమూనా, తప్పితే పడే శిక్ష.

వ్యవసాయ బోర్లు తోడుతున్నదాని ముందు పట్టణం వాడేదెంత అనేవారూ ఉన్నారు. దేశంలో తోడే భూగర్భ జలంలో దాదాపు 87 శాతం సాగుకే పోతోంది, ఆ వాదనలో బలముంది. కానీ రైతును వేలెత్తి చూపే ముందు పట్టణం తన చెయ్యి చూపించాలి. కృష్ణా తాగునీటి పథకం మూడు దశల్లో ఏటా 16.5 టీఎంసీలు నల్లగొండ నేల మీదుగా పైపుల్లో హైదరాబాద్ పోతున్నాయి; అదే నగరం మురుగు మూసీగా మారి మళ్లీ భువనగిరి, నల్లగొండ పొలాల్లోకి వస్తోంది. ఎంత తెచ్చుకున్నారో, ఎంత శుద్ధి చేసి వదిలారో నెలనెలా తెలుసుకునే హక్కు కింది రైతుకు లేదా? ఇక మీటరు వస్తే బిల్లు వస్తుందన్న భయం. ముందు పెట్టాల్సింది సరఫరాదారు మీటర్లు, ఇంటి మీటర్లు కావు. నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటిని హైదరాబాద్‌లో మీటరుతోనే ముడిపెట్టారు. మీటరుకూ ఉచితానికీ వైరం లేదని అక్కడే తేలింది. ప్రైవేటు ట్యాంకర్లనూ, వాటర్ ప్లాంట్లనూ ఇదే రిజిస్టరులోకి తేవాలి. బెంగళూరు 2024లో ట్యాంకర్లను రిజిస్టర్ చేయించి ధరలు కట్టడి చేయబోయింది. సంక్షోభం నెత్తిమీదికి వచ్చాక చేసే పనులు ఎప్పుడూ అరకొరే.

వాల్టా సవరణ కోసం శాసనసభ సమావేశాల దాకా ఆగే పని లేదు. మున్సిపల్ శాఖ ఒక ఉత్తర్వుతో మొదలుపెట్టవచ్చు. మోత్కూరు, ఆలేరు, చౌటుప్పల్, పోచంపల్లి వంటి చిన్న మున్సిపాలిటీలనే ముందుగా ఎంచుకోవాలి; వాటిలో పైపులు తక్కువ, వార్డులు తక్కువ, తప్పు దొరకడం తేలిక. ప్రతి నెలా పదో తేదీలోపు వచ్చిన నీరు, చేరిన నీరు, పోయిన నీరు, సరఫరా ఆగిన రోజులు, క్లోరిన్, ఫ్లోరైడ్ ఫలితాలు వార్డు నోటీసు బోర్డు మీద తెలుగులో ఉండాలి. ఆ ఉత్తర్వులో ఇంకొక్క మాట చేర్చాలి. ఆ నెల లెక్క బోర్డు మీద పెట్టని మున్సిపాలిటీకి, ఆ నెలలో నీళ్ల పేరుతో ఏ ఇంటి మీదా జరిమానా వేసే అధికారం ఉండకూడదు.