బరువులెత్తవద్దన్న నోటితోనే

తిరుమలగిరిలో ముప్పై ఏళ్లకు పైగా వైద్యం చేశాను. మోకాళ్ల నొప్పితోనో నడుము నొప్పితోనో వచ్చిన అరవై దాటినవారికి నేను చెప్పిన మాట ఒక్కటే: "బరువులెత్తకండి, విశ్రాంతి తీసుకోండి." ఆ సలహాలో సగం తప్పు ఉన్నదని నా ఒంటి మీదికి వచ్చేదాకా గ్రహించలేదు. దానిని ఒప్పుకొనడానికే ఈ వ్యాసం.

కిందటేడు బంధువుల పెళ్లిలో నేల మీద బంతిభోజనానికి కూర్చున్నాను. భోజనమైన తరువాత లేవబోతే కాళ్లు సహకరించలేదు. ఇద్దరు యువకులు చెరొక చేయి పట్టి లేపవలసి వచ్చింది. రక్తపోటు, చక్కెర అదుపులోనే ఉన్నాయి. రోజూ ఉదయం నడుస్తాను కూడా. లోపించినది తొడ కండరాల బలం. నడక గుండెకు మేలు చేస్తుంది గాని, ఆ బలాన్ని నిలపడానికి అది ఒక్కటే చాలదు.

వయసుతో కండరం క్షీణించడాన్ని వైద్యశాస్త్రం సార్కోపీనియా అంటుంది. నడివయసులో మొదలై అరవై తరువాత అది వేగం పుంజుకుంటుంది. కండరం తగ్గితే తూలిపడతాము. పడితే తుంటి ఎముక విరుగుతుంది. మంచం పడితే మిగిలిన కండరమూ కరుగుతుంది. రక్తంలోని చక్కెరను అధికంగా వాడుకొనేదీ కండరమే కనుక మధుమేహులకు ఈ నష్టం రెట్టింపు.

బరువులెత్తమని ఒక వైద్యమిత్రుడు సలహా ఇస్తే నవ్వేశాను. బరువులంటే కోడి రామమూర్తి వంటి మల్లయోధులకు, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరికి సంబంధించిన విషయమని నా భావన. "అయితే నిదానంగా ఎత్తు" అన్నాడాయన. ఈ నిదాన పద్ధతిని 1980లలో అమెరికాలో కెన్ హచిన్స్ అనే శిక్షకుడు ప్రచారంలోకి తెచ్చాడు. ఎముకలు గుల్లబారిన వృద్ధ స్త్రీలకు శిక్షణనిచ్చే సందర్భంలో అది రూపొందింది. సూత్రం తేలికైనది. విసురుగా ఎత్తితే ఆ ఊపే సగం పని చేసిపెడుతుంది, కీలు మీద కుదుపు పడుతుంది. నిదానిస్తే ఊపు ఉండదు; పని అంతా కండరానిదే.

మా మార్కెట్ యార్డులో ఒకప్పుడు హమాలీగా పనిచేసిన పాత రోగి ఒకరికి ఈ సంగతి చెప్పాను. ఆయన చిరునవ్వుతో, "బస్తా ఎత్తుడు అల్కనే సారూ, మెల్లగ దించుడే కష్టం" అన్నాడు. పాఠ్యగ్రంథాలు పేజీలకొద్దీ చెప్పే సత్యం ఆ ఒక్క మాటలో ఉన్నది. బరువును ఆపుకుంటూ దించేటప్పుడు కూడా కండరం బలపడుతుంది. మెట్లు దిగేటప్పుడు, కుర్చీలో కూర్చునేటప్పుడు మనల్ని కాపాడేది ఆ బలమే.

అయిష్టంగానే మొదలుపెట్టాను. చేతులు లేని కుర్చీని గోడకు ఆనించి, పది లెక్కిస్తూ లేవడం, పది లెక్కిస్తూ కూర్చోవడం. మొదటి రోజు నాలుగోసారికే తొడలు వణికాయి. తరువాత రెండు చేతుల్లో రెండు లీటర్ల నీళ్ల సీసాలు చేరాయి. వారానికి రెండు రోజులు, మధ్యలో విశ్రాంతి, ఇరవై నిమిషాలకు మించదు. మా మనవడు చూసి, "ఏంది తాతా, నిద్రవోతున్నవా?" అని నవ్వేవాడు. నాలుగు నెలలకు ఒక చేయి నేలకు ఆనించి నా అంతట నేను లేవగలిగాను. అద్భుతమేమీ కాదు, నాకు అది చాలు.

నిదానంగా ఎత్తితేనే ఎక్కువ బలం వస్తుందని పరిశోధనలు రుజువు చేయలేదు. మామూలు వేగంతో చేసినా ఫలితం తక్కువేమీ కాదు. తూలినప్పుడు తమాయించుకోవడానికి చురుకుదనమూ కావాలి. అయినా భయపడే వృద్ధుడికి నిదానమే మంచి తొలిమెట్టు అని నా అభిప్రాయం. మనల్ని ఆపుతున్నది వయసు కంటే భయమే. 1990లో బోస్టన్‌లో 86 నుంచి 96 ఏళ్ల మధ్య వయసు గల పదిమంది ఆశ్రమవాసులకు ఎనిమిది వారాలు బరువులతో శిక్షణనిస్తే, చివరిదాకా కొనసాగిన తొమ్మిదిమందికి కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వృద్ధులతో సహా పెద్దలందరికీ వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పమంటున్నది.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. ఊపిరి బిగబట్టవద్దు, రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. అంకెలు పైకి లెక్కపెడితే ఊపిరి దానంతటదే ఆడుతుంది. గుండెజబ్బు, అదుపులేని రక్తపోటు, హెర్నియా, మధుమేహం వల్ల కంటి రెటీనా దెబ్బతినడం, ఇటీవలి శస్త్రచికిత్స ఉన్నవారు ముందుగా వైద్యుణ్ణి సంప్రదించాలి. మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలో మరొక మాట కూడా చెప్పాలి. ఫ్లోరోసిస్‌తో వెన్ను బిగుసుకుపోయినవారి ఎముక చూడటానికి దట్టంగా ఉన్నా పెళుసుగా ఉంటుంది. వారు పరీక్ష లేకుండా బరువు ముట్టరాదు. పళ్లెంలో పప్పు, గుడ్డు, పెరుగు తగినంత లేకపోతే ఎంత శ్రమించినా కండరం పెరగదు.

నా సలహా విని బిందె కూడా ఎత్తడం మానేసినవారు ఈ ఊరిలో ఎందరో ఉన్నారు. వారిలో కొందరు ఇప్పుడు మంచం మీదనే ఉన్నారు. అందుకు నా మాట ఎంతవరకు కారణమో నేను కొలవలేను. తక్కినవారికైనా నా మాట మార్చి చెబుతున్నాను: ఎత్తండి. తక్కువ బరువుతో, నిదానంగా ఎత్తండి; మరింత నిదానంగా దించండి.