పేరు తెచ్చుకోవడం, పేరు పెట్టుకోవడం

హొసకోటెలో కాపురమున్నవారికి, తెల్లవారకముందే బెంగుళూరు నుండి వచ్చే కార్ల సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. దమ్ బిరియానీ కోసం చలిలో వరుసగట్టి నిలబడిన పిల్లకాయలను చూసి, "వీళ్లకు ఇంట్లో అన్నం పెట్టేవారు లేరా?" అని మా అన్నగారు ప్రతి ఆదివారమూ అంటారు. ఆ బిరియానీకి పేరు వచ్చినది తిన్నవాడు ఇంకొకడికి చెప్పినందువల్ల. వంట బాగులేకపోతే ఎంత అరిచినా రెండోసారి ఎవరూ రారు. అది నిజమే. కాని అంగడికి బోర్డే లేకపోతే తిన్నవాడు ఏమని చెప్పేది? విన్నవాడు ఎక్కడికని వచ్చేది? ఈ నెల నా మాటలు ఆ బోర్డును గురించి.

మా అన్నగారి మనుమరాలు బెంగుళూరులో పరిశోధన చేస్తున్నది. పొద్దున్నే కాడుగోడి దాకా బస్సు, అక్కడినుండి మెట్రో. చెరువుల నీటిలో భాస్వరం ఎంత ఉన్నదో కొలవడం ఆమె పని. మొన్నొక సాయంకాలం వచ్చి అరుగు మీద కూర్చుని, "చిన్నతాతా, నాకు ఒక బ్రాండు ఉండాలంట. పరిశోధన చేస్తే చాలదంట, ఎవరు చేసినారో లోకానికి తెలియాలంట" అన్నది.

నేను నోరు తెరిచేలోగా మా అన్నగారు అందుకున్నారు. "బ్రాండు కాఫీపొడికి, అగరబత్తీలకు. మనిషికి ఉండవలసినది గుణం. భారతంలో అర్జునుడు ఆత్మహత్య చేసుకోబోతే కృష్ణుడు ఏమి చెప్పినాడు? నిన్ను నువ్వు పొగడుకో, అదే చావుతో సమానం అన్నాడు. నువ్వు ఆ పని చేస్తావా?"

పిల్ల తల వంచుకున్నది. తరువాత మెల్లగా అసలు సంగతి చెప్పినది. ఆమెవి ఇంతవరకు రెండు వ్యాసాలు అచ్చయినాయి. ఒక ఫెలోషిప్పుకు దరఖాస్తు పెట్టినది. అక్కడివారు ఒక్క వ్యాసాన్నే లెక్కలోకి తీసుకున్నారు. రెండవది వేరే ఎవరిదో అనుకున్నారు. ఆ ఏటి ఫెలోషిప్పు చేజారిపోయినది.

ఎందుకట్లా అయిందంటే, తప్పు ఎవరిదీ కాదు, మన పేర్లది. ఇక్కడి అలవాటు ప్రకారం బడిలో ఆమె పేరుకు ముందు రెండు అక్షరాలు వేసినారు. మొదటిది ఊరిది, రెండవది తండ్రిది. తరతరాలుగా మేము మోసుకొచ్చిన ఇంటిపేరు ఆ రికార్డులో లేనే లేదు. విదేశీ పత్రికల ఫారములో చివరి పేరు అని ఒక గడి ఉంటుంది. అది ఖాళీగా ఉంటే ముందుకు పోనివ్వదు. మొదటి వ్యాసానికి ఆ గడిలో తండ్రి పేరు పడినది. రెండవదానికి తన పేరే పడినది. కంప్యూటరు దృష్టిలో వాళ్లు ఇద్దరు మనుషులు!

ఇది కొత్త చిక్కు కాదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని తీసుకోండి. వారు అమెరికాలో హార్వర్డులో ఉండగా 1925లో ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి, రక్తంలోనూ మూత్రంలోనూ ఉండే భాస్వరాన్ని రంగునుబట్టి కొలిచే పద్ధతిని ప్రకటించినారు. నీలిరంగు ఎంత ముదురైతే భాస్వరం అంత ఎక్కువ. దానిని ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అంటారు. యల్లాప్రగడ అనేది గదా ఇంటిపేరు! లోకానికి నిలిచినది సుబ్బారావు. వారికి హార్వర్డు డాక్టరేటు వచ్చినది 1930లో. పేరు పద్ధతికి ముందే అంటుకున్నది, పట్టా తరువాత వచ్చినది.

ఇంకొకరు సి. ఆర్. రావుగారు. 1920లో, ఈనాటి కర్ణాటకలోని హడగలిలో, తెలుగు కుటుంబంలో పుట్టినారు. కల్యంపూడి ఇంటిపేరు, రాధాకృష్ణ పెట్టిన పేరు. తండ్రిగారు నాయుడు. కనుక రావు అనేది ఇంటిపేరూ కాదు, తండ్రి పేరూ కాదు. అయినా గణాంకశాస్త్రం చదివిన ప్రతివాడికీ క్రామర్–రావు అనే మాట తెలుసు. కలకత్తాలో తరగతిలో ఒక విద్యార్థి వేసిన ప్రశ్నకు జవాబుగా పుట్టినది ఆ ఫలితం. 1945లో అచ్చయినది. అప్పటికి వారికి 25 ఏండ్లు, కేంబ్రిడ్జి డాక్టరేటు ఇంకా మూడేండ్ల దూరంలో ఉన్నది. ఆ పేరు వారు పెట్టుకున్నది కాదు, ఇతరులు పెట్టినది. ఆ వ్యాసంలోని పనికే 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి వచ్చినది. అదే సంవత్సరం ఆగస్టులో, 102 ఏండ్ల వయసులో వారు కాలం చేసినారు.

ఈ రెండు కథలూ చెప్పి మా అన్నగారితో నేను అన్నదిది: "వారు తమ్ము తాము పొగడుకోలేదు, మీ మాట నిజం. కాని తమ పనిమీద తమ పేరు వేసినారు, ఒకటే పేరు వేసినారు. పొగడుకోవడం వేరు, చెప్పుకోవడం వేరు. సుబ్బారావుగారు వార్తాపత్రికల వెలుగుకు దూరంగా ఉండిన మనిషి. ఆయన ఆధ్వర్యంలో వెలువడిన మందులతో లక్షలమంది బాగుపడినారు. ఆయన పేరు ఎంతమందికి తెలుసు? మన దేశంలో తపాలా బిళ్ల వేసినది 1995లో, శతజయంతికి. ఆ మౌనం ఆయనకు అందమే. ఫెలోషిప్పు లేక చదువు ఆగిపోయే పిల్లకు మౌనం అందం కాదు, నష్టం."

ఆయన మారు మాట్లాడలేదు. ఆ ఆదివారం ముగ్గురమూ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాము. మన ఇండ్లలో పరిశోధన చేసే పిల్లలు చాలామందే ఉన్నారు గనుక, మేము నిర్ణయించుకున్నవి ఇక్కడ చెప్పుతున్నాను.

మొదటిది, మొదటి వ్యాసానికి ముందే పేరు ఒక తీరున స్థిరం చేసుకోవాలి. ఇంగ్లీషు అక్షరాలతో సహా. పెండ్లి అయినా, పాస్‌పోర్టు వచ్చినా అచ్చులో అదే ఉండాలి.

రెండవది, 2012లో మొదలైన ఆర్కిడ్ అనే 16 స్థానాల సంఖ్య ఉన్నది. పరిశోధకులకు ఉచితం. పేరు ఎన్ని రకాలుగా పడినా, వ్యాసాలన్నిటినీ ఆ ఒక్క సంఖ్య కింద చేర్చుకోవచ్చును.

మూడవది, తన పనిని గురించి ఒక పుట రాసుకోవాలి. ఏమి అడిగినాను, ఎట్లా కొలిచినాను, ఏమి తేలినది, ఎవరితో కలిసి చేసినాను. తోడు పనిచేసినవారి పేరు మింగివేస్తే అది బ్రాండు కాదు, దొంగతనం. ఒక చెరువులో కొలిచి బెంగుళూరు చెరువులన్నిటినీ గురించి చెప్పకూడదు. అచ్చుకాని ఫలితాన్ని గురువుగారి అనుమతి లేకుండా బయట పెట్టకూడదు.

నాలుగవది నా సొంత మాట. ఆ పుట తెలుగులో, కన్నడంలో కూడా ఉండాలి. ఆ చెరువు గట్టున బతికేవారికి అర్థం కాని పేరు సగం పేరే.

రోజూ ముఖం చూపించి మాట్లాడవలెనా అని అడిగినది పిల్ల. అక్కరలేదన్నాను. చెప్పడానికి సంగతి ఉన్ననాడు చెప్పు, లేనినాడు ప్రయోగశాలకు పో.

చివరకు ఏ పేరు అనే ప్రశ్న వచ్చినది. నేను కల్పించుకోలేదు, పేరు ఆమెది. ఆమె కొంతసేపు ఆలోచించి, "ముందు మన ఇంటిపేరు పూర్తిగా, చివర నా పేరు" అన్నది. ఆ ఇంటిపేరు మా తండ్రిగారి తరువాత మా ఇంట ఏ కాగితం మీదా పూర్తిగా పడలేదు.

బ్రాండు అగరబత్తీలకు అన్న మా అన్నగారు లేచి వెళ్లి కళ్లజోడు తెచ్చుకున్నారు. "ఇంగ్లీషులో దానికి రెండు ఎల్‌లు వస్తాయి. నాయనగారు అట్లానే సంతకం పెట్టేవారు" అని, పిల్ల చేతిలోని కలం తీసుకుని, కాగితం మీద తానే రాసి చూపించినారు.