లాబ్‌స్టరు వంటకములు – మన వంటయింటి గడప

ఈ సంచికకు వ్యాసము వ్రాయవలెనని సంపాదకవర్గము కోరినపుడు ఏదేని సాహిత్య విషయమును ఎన్నుకొనవలెనని మేము తలచితిమి. కాని ఆ వారముననే మా పూర్వవిద్యార్థి యొకడు వచ్చి అడిగిన ప్రశ్న మమ్ములను వదలలేదు. అతడు హోటలు నిర్వహణ విద్యలో చేరియున్నాడు. పాశ్చాత్య వంటకముల పాఠములో లాబ్‌స్టరు థెర్మిడార్, లాబ్‌స్టరు న్యూబర్గ్ అను రెండింటిని అతడు నేర్వవలసియున్నది. ఇంటివద్ద ఒకమారు చేసి చూచుకొందునని తల్లితో అనగా ఆమె, "బేటా, ఆ జీవము మన గిన్నెలోనికి రాదు. అందులో సారాయి కూడ పోయుదురట. నీవు ఆ చదువు మానినను సరే" అన్నదట. "సార్, నేను చదువు మానవలెనా, అమ్మీ మాట మీరవలెనా?" అని అతడు మమ్ములనడిగెను.

నవ్వి త్రోసివేయదగిన ప్రశ్న కాదిది. ఒకవైపు యువకుని జీవనోపాధి, మరొకవైపు తల్లి మనశ్శాంతి ఇందులో చిక్కుకొనియున్నవి. మేము తెలుగు అధ్యాపకులమే గాని ధర్మశాస్త్ర పండితులము కాము. కావున ఫత్వా చెప్పు సాహసము చేయము. తెలిసికొనక ఛీకొట్టుటయు, తెలిసికొనక అనుకరించుటయు రెండును విద్యావంతునకు తగవని మాత్రము మనవి చేయదలచితిమి.

మొదట ఆ జీవమును, ఆ వంటకములను గూర్చి తెలిసికొందము. ఉత్తర అమెరికా తూర్పు తీరమున దొరకు లాబ్‌స్టరునకు రెండు పెద్ద డెక్కలుండును. మన తూర్పు తీరమున జాలరుల వలలకు దొరకునది వేరొక జాతి. దానికి అట్టి డెక్కలు లేవు. పొడవైన ముళ్ల మీసములు కలవు. మాంసమంతయు దాదాపు తోకలోనే యుండును. ఇది ముఖ్యముగా విదేశములకు ఎగుమతి యగు సరకు. లేత జీవములు అంతరింపకుండుటకై భారత ప్రభుత్వము 2003లో జాతినిబట్టి ఎగుమతికి కనీసపు బరువులను నిర్ణయించినది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రమున గ్రుడ్లు మోయుచున్న ఆడ లాబ్‌స్టరు దొరకినచో తోకపై గుర్తు కోసి మరల సముద్రమున విడుతురు. తినువాడు రేపటికి కొంత మిగుల్చవలెనను నీతి ఏ మతమువారికైనను కొత్త కాదు.

ఈనాడు ధనికుల భోజనమని పేరుపొందిన ఈ జీవము ఒకనాడు పేదల తిండి. 1623లో ప్లిమత్ వలసకు క్రొత్తవారు ఓడ దిగినపుడు, రొట్టె లేక లాబ్‌స్టరో చేపముక్కయో తప్ప పెట్టుటకు వేరేమియు లేకపోయెనని అప్పటి గవర్నరు విలియం బ్రాడ్‌ఫర్డు తన చరిత్ర గ్రంథమున బాధతో వ్రాసికొనెను. 19వ శతాబ్దిలో డబ్బాలలో నింపు పరిశ్రమయు, రైలుబండ్లును వచ్చి, దూరపు నగరవాసులు దానిని రుచి చూచిన పిమ్మటనే దానికి గౌరవము పెరిగినది. జీవము మారలేదు, దాని మాంసము మారలేదు. మారినది వెల యొక్కటే. ఖరీదైన దానినెల్ల ఉత్తమమని భ్రమించు మన విద్యార్థులు ఈ చరిత్రను గుర్తుంచుకొనవలెను.

న్యూబర్గ్ అను వంటకము న్యూయార్కులోని డెల్మానికో భోజనశాలలో 1876 ప్రాంతమున ప్రసిద్ధి కెక్కినది. వెన్బర్గ్ అను ఓడ కెప్టెను దానిని పరిచయము చేసెననియు, పిమ్మట యజమానితో కలహము రాగా అతని పేరులోని అక్షరములు తారుమారు చేయబడెననియు ఒక కథ చెప్పుదురు. థెర్మిడార్ పారిస్ నగరమున పుట్టినది. విక్టోరియన్ సార్డూ వ్రాసిన నాటకము 1891లో ప్రదర్శింపబడగా, దాని పేరే వంటకమునకు వచ్చినది. ఆ పేరు ఫ్రెంచి విప్లవ పంచాంగములోని ఒక మాసముది. 1794లో రోబెస్పియర్ పతనమైనది ఆ మాసముననే. ఒక్క పళ్లెములో ఇంత చరిత్ర యిమిడియున్నది. దానిని తెలిసికొనుటకు తినవలసిన పని లేదు.

ఇక తయారుచేయు విధానము. లాబ్‌స్టరును లీటరు నీటికి సుమారు 35 గ్రాముల ఉప్పు వేసి, అనగా సముద్రజలమంత ఉప్పదనముతో, తెర్ల కాగిన నీటిలో ఉడికింతురు. అరకిలో బరువు గలదానికి 8 నుండి 10 నిమిషములు చాలును. మించినచో మాంసము రబ్బరువలె సాగును. నీలముగా ఉన్న చిప్ప ఎర్రబారుట కొక రసాయన కారణము కలదు: ఎర్రని రంగు ముందే అందులో నుండును, దానిని బంధించియుంచిన మాంసకృత్తు వేడికి విడిపోగా రంగు బయటపడును. ఉడికినదానిని నిలువుగా రెండుగా చీల్చి, కండ్ల వెనుకనున్న కడుపు సంచిని, తోకలోని నల్లని ప్రేగును తీసివేయవలెను. మాంసమును ముక్కలు చేసి, వెన్న, మైదాపిండి, పాలు, ఆవపిండి, గ్రుడ్డు సొన కలిపిన చిక్కని రసములో త్రిప్పి, మరల చిప్పలో నింపి, పైన జున్ను తురుము చల్లి, పైనుండి సెగ తగిలించి ఎర్రగా కాల్చినచో థెర్మిడార్ సిద్ధమగును. న్యూబర్గులో మీగడయు, గ్రుడ్డు సొనయు ప్రధానము. దానిని సన్నని సెగపై కలియబెట్టవలెను గాని మరుగనీయరాదు. మరిగినచో సొన విరిగి ముద్దలగును. పాలు విరుగకుండ కనిపెట్టుకొనియుండు మన తల్లుల చేతికి ఈ మెలకువ క్రొత్తది కాదు.

ఇందులో రెండు చోట్ల మనస్సాక్షి మనలను నిలువవేయును.

మొదటిది ప్రాణము తీయు విధము. చచ్చిన లాబ్‌స్టరు మాంసము వేగముగా చెడిపోవును గనుక దానిని బ్రతికియుండగనే మరుగు నీటిలో వేయు వాడుక చాల దేశములలో కలదు. ఇది క్రూరమని స్విట్జర్లాండు ప్రభుత్వము 2018లో నిషేధించినది. ఇట్టి జీవులకును బాధ తెలియునని అంగీకరించి బ్రిటను 2022లో జంతుసంక్షేమ చట్టమున వీనిని చేర్చినది. మనకు ఈ పాఠము చాల పూర్వమే అందినది. ప్రాణిని వధింపవలసివచ్చినపుడు కూడ ఇహ్సాన్ పాటింపుమనియు, కత్తిని పదునుపెట్టి జీవమును హింసపెట్టకుమనియు మన ప్రవక్త (స) బోధించియున్నారు. సముద్రజీవులకు జబహ్ అక్కరలేదన్నంత మాత్రమున దయ అక్కరలేదని కాదు. మంచులో ఉంచి మొద్దుబారజేసి, తరువాత పదునైన కత్తితో తల నుండి తోక వరకు ఒక్క పెట్టున నిలువుగా చీల్చుట కొంత మేలైన పద్ధతి. ఇంటివద్ద ఆ నేర్పు లేనివాడు ప్రాణముతోనున్న దానిని కొనకుండుటయే న్యాయమని మా అభిప్రాయము.

రెండవది మద్యము. ఈ వంటకములలో షెర్రీ, బ్రాందీ, తెల్ల ద్రాక్షసారాయి వాడుట ఆచారము. "మంటకు సారాయి అంతయు ఆవిరియైపోవును, ఇక దోషమేమి?" అని కొందరు మన యువకులకు చెప్పుదురు. ఇది సత్యము కాదు. 1992లో అమెరికాలో వెలువడిన పరిశోధన ప్రకారము, మద్యము పోసి మంట వెలిగించి ఆర్పిన పిమ్మటను అందు నూటికి 75 వంతులు నిలిచియుండును. పావుగంట ఉడికించినను 40 వంతులు మిగులును. రెండున్నర గంటలు ఉడికించిన తరువాతను 5 వంతులుండును. ఆ తల్లి రసాయనశాస్త్రము చదువలేదు గాని, ఆమె అనుమానము శాస్త్రసమ్మతమే యైనది.

వంటకమునకు ద్రాక్షసారాయి ఇచ్చునది కొంత పులుపు, కొంత పరిమళము. చిప్పలను వెన్నలో వేయించి, అరగంట నీటిలో కాచి, వడగట్టి, ఆ రసమును చిక్కబరచి, దించుటకు ముందు నిమ్మరసము పిండినచో ఆ రెండును చాలవరకు సమకూరును. సారాయి లేనిది అసలు థెర్మిడార్ కాదని ఎవరేని అన్నచో మేము వాదింపము. కాకున్నను నష్టము లేదు. వేరొక పేరు పెట్టుకొందము. పేరు కొరకు ధర్మమును వదలుట ఎంత తప్పో, మార్చి వండినదానిని అసలు పేరుతో అమ్ముటయు అంత తప్పే.

ఇక లాబ్‌స్టరు తినదగునా అను ప్రశ్న. హనఫీ మార్గమున సముద్రజీవులలో చేప మాత్రమే సమ్మతము. లాబ్‌స్టరు చేప కాదు. రొయ్య చేపయగునా కాదా అని ఆ మార్గపు పండితులలోనే భేదాభిప్రాయమున్నది. షాఫయీ మార్గమువారు సముద్రజీవులను సామాన్యముగా సమ్మతింతురు. హైదరాబాదులోని బార్కస్ అరబ్బు కుటుంబములు, కేరళ ముస్లిములు, కొంకణపు ముస్లిములు అధికముగా షాఫయీలే. ఒకే ఖిబ్లా వైపు తిరిగి నమాజు చేయు ఇద్దరిలో ఒకరి దస్తర్‌ఖాన్‌పై ఉండునది మరొకరి దస్తర్‌ఖాన్‌పై ఉండదు. తినువాడు తిననివానిని మూఢుడనరాదు. తిననివాడు తినువానిని భ్రష్టుడనరాదు. మన వసతిగృహములో ఈ మాత్రపు మర్యాద నిలిచినచో మన చదువు సార్థకమైనట్లే.

ఆ విద్యార్థికి మేమిచ్చిన సలహా ఇది. తల్లి వంటయింటి గడప ఆమెది. ఆ గడప దాటి లాబ్‌స్టరును తేవలదు. ఆ యింట రొయ్యలు తినుట వాడుకయే గనుక వానితో సాధన చేయుము. రసము కూర్చుట, సెగ అదుపు చేయుట, కాల్చుట అన్నియు అవే. విద్యాసంస్థ పెద్దలకు మద్యము ముట్టకుండ, రుచి చూడకుండ పరీక్ష ఇచ్చుటకు అవకాశము కోరుచు ముందుగానే వినయముతో వ్రాసి యడుగుము. అడుగుటకు సిగ్గుపడవలదు, అడుగకుండ చదువు మానుట తొందరపాటు. వారు కాదన్నచో మీ మార్గపు ఆలిమ్ ఒకరిని సంప్రదించి తరువాత నిర్ణయించుకొనుము.

పది దినములకు అతడు మరల వచ్చెను. రొయ్యలతో, చిప్పల రసముతో, నిమ్మరసముతో చేసెనట. తల్లి ఒక చెంచా రుచి చూచి, "పాల సాలన్ బాగున్నది. పచ్చిమిరపకాయ మరచినావు" అన్నదట. విద్యాసంస్థ నుండి ప్రత్యుత్తరము ఇంకను రావలసియున్నది. వచ్చినను రాకున్నను, తల్లియు కొడుకును ఒక పొయ్యి వద్ద నిలిచి మాట్లాడుకొనిరి. అది చిన్న లాభము కాదు.

కడపట కళాశాల కమిటీవారికి మా విన్నపము. మన విద్యార్థులలో పలువురు నేడు భోజనశాలల వృత్తిలోనికి, గల్ఫు దేశములలోని వంటశాలలలోనికి పోవుచున్నారు. వారికి వారమునకొక గంట, బాలురు బాలికలను భేదము లేక, వంటయొక్క శాస్త్రమును, హలాల్ నియమములను, పరాయి జనుల భోజన చరిత్రను కలిపి బోధించు ఏర్పాటు చేయుడు. లాబ్‌స్టరు కొనవలసిన వ్యయము లేదు. రొయ్యలును నిమ్మకాయలును చాలును. తన గడపను నిలుపుకొనుచు పరుల గడపను గౌరవింపగల యువకుని తీర్చిదిద్దుటయే గదా మన కళాశాల స్థాపనాశయము!