కల్లపు గచ్చుపై నెఱ్ఱెలు

కోతల కాలమున ప్రజ్ఞాపూరు మీదుగా రాజీవ రహదారిని పోవువారికి బాటప్రక్కల ఆరబోసిన వడ్లు కనబడుచుండును. ఇది బాటసారులకును, రైతులకును గూడ ప్రమాదకరము. ఈ యిబ్బంది తొలగుటకు సిమెంటు కల్లమే తగిన యుపాయము. 2020వ సంవత్సరమున తెలంగాణ ప్రభుత్వము ఉపాధి హామీ పథకము క్రింద రైతుల పొలములలో కల్లములు కట్టించుటకు పూనుకొనెను. కాని కట్టిననాడే నెఱ్ఱెలు వాఱిన కల్లము వలన రైతునకు మిగులునదేమి? ఆ సందులలో గింజలు పడును, వాననీరు దిగును, పురుగు చేరును.

నెఱ్ఱెలు కనబడగానే రైతు సిమెంటును నిందించును. మేస్త్రీ ఎండను నిందించును. మా యభిప్రాయమున తఱచుగా లోపము పోసిన మొదటి కొన్ని గంటల యజాగ్రత్తలో నున్నది. పచ్చి కాంక్రీటులోని నీరు కొంత మెల్లగా పైకి తేలును. ఎండయు పొడిగాలియు దానిని అంతకంటె వేగముగా పీల్చివేసినచో, బలము రాని పైపొర ముడుచుకొని చీలును. చదరపు మీటరునకు గంటకు 1 కిలో నీరు ఆవిరియగునప్పుడు అపాయము మిక్కుటమని ఇంజనీర్లు చెప్పుదురు. చలికాలమున సైతము పొడిగాలికి నెఱ్ఱెలు వాఱవచ్చును.

నివారణ కష్టసాధ్యము కాదు. క్రింది నేలను ముందుగా తడుపవలెను, నీరు నిలువరాదు. ఎండ తగ్గిన పిదప పోయవలెను. గాలి వచ్చు వైపున తడికలు కట్టవలెను. పని సులువగునని నీరు మితిమీఱి కలుపరాదు. 50 కిలోల బస్తాకు, ఇసుకలోని తడితో కూడ, ఇంచుమించు 25 లీటర్లు చాలును. పైకి తేలిన నీటిపై పొడి సిమెంటు చల్లి రుద్దరాదు. చదును చేసిన వెంటనే పట్టా కప్పవలెను. ధాన్యమునకు కప్పు టార్పాలిను పట్టాలే యిందుకు పనికివచ్చును. నెఱ్ఱె పుట్టినను, కాంక్రీటు పచ్చిగా నున్నంతసేపు మరల రుద్ది మూయవచ్చును. గట్టిపడిన పిదప తడి గోనెలు పఱచి, కనీసము 10 దినములు ఆఱనీయరాదు. 4 అంగుళముల గచ్చునకు 8 లేక 10 అడుగుల కొకచోట అతుకు విడువవలెను. లేనిచో తరువాత వేఱు బీటలు వచ్చును, వానిని పట్టా ఆపజాలదు.

కూలీలు ప్రొద్దెక్కిన పిదప వత్తురనియు, మిక్సరు అద్దె దినము లెక్కననియు, ఎండవేళ పని ఆపిన నష్టమనియు కొందఱందురు. ఈ మాట త్రోసివేయదగినది కాదు. చిన్న రైతు ఒక్కడు మేస్త్రీని తన వేళకు రప్పింపజాలడు, సంఘము రప్పింపగలదు. నలుగురైదుగురు సభ్యులు కలిసి పని ఒప్పుకొన్నచో, పగలు నేల చదును, చట్రములు, కంకర మోత జరిపి, సాయంకాలము పోత జరుపవచ్చును. పట్టాలు, గోనెలు, తడికలు సంఘమే యొక్కసారి కొని, వంతులవారీగా సభ్యుల కీయవచ్చును.

అప్పు ఇచ్చుటతో సంఘధర్మము తీఱదు. ఆ యప్పుతో కట్టినది అప్పు తీఱిన పిదప గూడ నిలుచునట్లు చూచుటయు సంఘధర్మమే. రాబోవు కోతలకు ముందుగా సభ్యులీ విషయమును సర్వసభ్య సమావేశమున చర్చింప గోరుచున్నాము.